ఎడమ అంచు పట్టిన చేయి: వసుంధర గారి పదవీ విరమణ వేళ

పందొమ్మిది వందల ఎనభై ఏడవ సంవత్సరం, జూలై నెల పదమూడవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి వేములపల్లి వసుంధర గారు బాపట్ల భూకొలతల కార్యాలయంలో ట్రేసర్‌గా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికింకా వివాహం కాలేదు. భట్టిప్రోలు దాపున మాగాణి రైతు కుటుంబంలో జన్మించి, గట్టు తగాదాలు వింటూ పెరిగిన ఆ యువతికి, ఆ గట్లనే నల్లసిరాతో గీసే కొలువు దొరకటం చూసి తండ్రిగారు, "మన ఇంటి తగాదాలు చాలవనా అమ్మా, తాలూకా తగాదాలన్నీ నెత్తికెత్తుకున్నావు?" అని నవ్వారట. నవ్వితే నవ్వారు గాని, మొదటి రోజు కార్యాలయం దాకా వచ్చి, కూతురు కూర్చునే బల్ల ఎత్తు సరిపోయిందో లేదో చూసుకున్నాకే ఆయన తిరుగు బస్సెక్కారు.

కంప్యూటర్లు రాని ఆ కాలంలో, గ్రామ పటం పాతబడితే దాని మీద గంజి పట్టించిన పల్చని గుడ్డ పరిచి, కింది గీతలను పైన మళ్ళీ గీయటం ట్రేసర్ల విధి. ఆ గుడ్డ మీద నీటి చుక్క పడరాదు. పడితే గంజి కరిగి మచ్చ తేలుతుంది, పటం పనికిరాకుండా పోతుంది. ఉప్పుగాలికి ఒళ్ళంతా జిడ్డుకట్టే బాపట్లలో, మే నెలలో, ఫ్యాను వేస్తే గుడ్డ ఎగిరిపోయేది, ఆపితే చెమట జారేది. మణికట్టు కింద చేతిరుమాలు మడిచి పెట్టుకుని, సిరా బాగా పట్టటం కోసం గుడ్డకు ముఖాన రాసుకునే పౌడరు రుద్ది, ఊపిరి బిగబట్టి గీసేవారు. పని సాగినంతసేపూ ఆ గది పెళ్ళివారి విడిదిలా ఘుమఘుమలాడేదనీ, పనుల మీద వచ్చిన రైతులు ముక్కులు ఎగబీల్చి "ఇక్కడ పెళ్ళిచూపులేమన్నా ఉన్నాయాండీ?" అని అడిగేవారనీ ఆనాటి సహోద్యోగులు నేటికీ చెప్పుకుంటారు.

అక్కడి పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ ఒకరు ఆమెకు నేర్పిన సూత్రం ఒక్కటే. హద్దు గీసేటప్పుడు తెలిసిన సర్వే రాయి గుర్తు దగ్గర కలం పెట్టాలి, ఊరి చుట్టూ తిరగాలి, తిరిగి అదే రాయి దగ్గర కలం ఎత్తాలి. "బయలుదేరిన రాయికి చేరని గీత అబద్ధం చెప్పినట్టేనమ్మా" అనేవారాయన. మాలో దీన్ని హద్దు మూయటం అంటాం. హద్దు మూసుకోని పటం మీద ఎంతటివారు చెప్పినా వసుంధర గారు సంతకం పెట్టలేదు, మరొకరిని పెట్టనివ్వలేదు. ఈ విషయంలో ఆవిడది ఉడుంపట్టు, ఆ పట్టు వల్ల చీవాట్లు తినని వారు మాలో లేరు.

దుగ్గిరాల పసుపు రైతు శ్రీ రాఘవయ్య గారితో వివాహమై తెనాలిలో కాపురం పెట్టిన తరువాత, ఆమె డ్రాఫ్ట్స్‌మన్‌గా పదోన్నతి పొంది రేపల్లె బదిలీ అయ్యారు. రోజూ తెనాలి నుంచి రేపల్లె రైలు, మధ్యలో పుట్టిల్లు. భట్టిప్రోలులో రైలు ఆగినప్పుడు కిటికీలోంచి తల్లిగారు అందించే కూర గిన్నె మధ్యాహ్నానికి మా వాళ్ళందరి కంచాల్లోకీ వచ్చేది. ఆమె వృత్తి జీవితంలో అత్యంత ఫలవంతమైన సంవత్సరాలు రేపల్లెలోనే గడిచాయని చెప్పటం అతిశయోక్తి కాదు.

పున్నమ్మ పరిచయమైంది అక్కడే. పున్నమ్మ ఆ కార్యాలయంలో అటెండరు. భర్త కొలత గొలుసు లాగే ఉద్యోగంలో ఉండగా చనిపోతే, ఆ కొలువు ఈమెకిచ్చారు. ట్రేసింగ్ గుడ్డ చుట్టగా వస్తుంది, పరిచిన కొద్దీ చుట్టుకుపోతుంది. ఇత్తడి బరువులు పెడితే కుడి అంచు నిలిచేది గాని, కిటికీ పక్కనున్న ఎడమ అంచు గాలికి లేచిపోయేది. ఒకనాడు పున్నమ్మ ఎవరూ చెప్పకుండానే స్టూలు లాక్కుని వసుంధర గారి ఎడమ పక్క కూర్చుని, అరచేయి పరిచి ఆ అంచు అదిమిపట్టింది. ఆ రోజు మొదలు అదే ఆమె చోటు. గాజుల్లేని చేయి, మణికట్టు మీద తేలు పచ్చబొట్టు. "వదలకు పున్నమ్మా" అనేవారు వసుంధర గారు తల ఎత్తకుండా. "వదల్నమ్మగారూ, మీరు గీసుకోండి" అనేది పున్నమ్మ. పూట పూటంతా ఆ రెండు మాటలే నడిచిన రోజులు కూడా ఉన్నాయి. గీసే చేయి ఒకరిది, పట్టే చేయి ఒకరిది, పటం మాత్రం ఒక్కటే. ఉద్యోగం అయిపోయిన కొన్నాళ్ళకు పున్నమ్మ జబ్బుచేసి కాలం చేసింది. వసుంధర గారు రేపల్లె వెళ్ళి, కడసారి చూసి వచ్చారు.

తదనంతరం తెనాలి కార్యాలయానికి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా రావటం, గంజిగుడ్డలు పోయి కంప్యూటర్లు రావటం, గొలుసులు పోయి ఉపగ్రహాలతో మాట్లాడే యంత్రాలు రావటం, అన్నీ ఆమె కళ్ళముందే జరిగాయి. యాభై దాటాక కంప్యూటరు నేర్చుకుని, పాతికేళ్ళ పిల్లలు చేసిన తప్పులు వాళ్ళ భుజం మీదుగా వేలు పెట్టి చూపించారు. "మిషను గీసింది మేడమ్, తప్పెలా ఉంటుంది?" అని ఎవరైనా అంటే, "మిషనుకు పొలం లేదు నాయనా. పొలం పోయేది రైతుకి" అనేవారు. ఇదంతా ఏ పదవీ విరమణ వ్యాసంలోనైనా రాయదగినదే, ఇక్కడితో ఆపి శుభాకాంక్షలు చెప్పుకున్నా ఎవరూ తప్పుపట్టరు. కానీ హద్దు మూయకుండా కలం ఎత్తితే ఆవిడే ఊరుకోరు. చివరి మూడేళ్ళలో జరిగిన సంగతి రాయమని ఆవిడే స్వయంగా చెప్పారు. రాఘవయ్య గారు కూడా సరేనన్నారు.

చిన్ననాట వచ్చిన కీళ్ళజ్వరం లోలోపల గుండె వాల్వును పాడుచేసిందని అరవై ఏళ్ళు దగ్గరపడ్డాక గాని బయటపడలేదు. కార్యాలయం మెట్లెక్కి పైకి వచ్చేసరికి పెదవులు నల్లబడేవి. "ఆయాసం కాదు, మెట్లే పెరిగాయి" అని నవ్వించేవారు. రెండువేల ఇరవై మూడు ఆరంభంలో గుంటూరులో ఒక ఆసుపత్రిలో ఆమెకు వాల్వు మార్చారు. శస్త్రచికిత్స విజయవంతమైంది, గుండె గడియారంలా కొట్టుకుంది. కబురు రాగానే ఇక్కడ మేమంతా స్వీట్లు పంచుకున్నాం.

స్పృహ వచ్చిన మరునాడు రాఘవయ్య గారు మంచానికి ఎడమ పక్క నిలబడి, "వసుంధరా" అని పిలిచారు. ఆమె చిరునవ్వుతో కుడి వైపుకు తిరిగి, అటునున్న ఖాళీ గోడతో, "ఏవండీ, బయటే నిలబడ్డారేంటి? లోపలికి రండి" అన్నారు. ఆయన మళ్ళీ పిలిచారు. ఆమె మళ్ళీ గోడనే పలకరించారు. ఆయన మంచం చుట్టూ తిరిగి కాళ్ళ దగ్గరకు వచ్చేసరికి ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చారు?" అని అడిగారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన తన కుర్చీలోకి, అంటే ఎడమ పక్కకి, వెళ్ళారు. ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది. నర్సుతో నెమ్మదిగా, "మావారు టిఫిన్‌కి వెళ్ళారా అమ్మా?" అన్నారు. ఆ మాట అన్నప్పుడు రాఘవయ్య గారి చేయి ఆమె భుజం మీదే ఉంది.

డాక్టరు గారు దాచకుండా చెప్పారు. గుండెను కాసేపు ఆపి, యంత్రం చేత రక్తం తిప్పిస్తూ చేసే ఆపరేషన్లలో, ఎంత జాగ్రత్తగా చేసినా, కొద్దిమందికి చిన్న గడ్డ ఒకటి కదిలి మెదడు దాకా వెళ్తుంది. ఈమెకు అది కుడి మెదడులో ఆగింది. ఎడమ చేయికి స్పర్శ తగ్గింది, పట్టు తగ్గింది.

"చూపు పోయిందాండీ?" అన్నారు రాఘవయ్య గారు.

"లేదండీ, కళ్ళు బాగానే ఉన్నాయి. ఎడమ వైపు అనేది ఒకటుందన్న ధ్యాస పోయింది. లేదని కూడా ఆవిడకు తెలియదు."

తరువాతి రోజుల్లో వసుంధర గారు ఆ స్థితిని మాకు ఇలా వివరించారు: "చీకటిగా ఉండేదనుకుంటున్నారేమో. చీకటి కాదు. మీ వీపు వెనకాల ఏముందో మీకిప్పుడు చీకటిగా కనిపిస్తోందా? అసలు ఆ ఊసే లేదు కదా. నాకూ అంతే, కాకపోతే నా వీపు ఎడమ పక్క దాకా వచ్చేసింది." ఈ మాట విన్నాక మాలో చాలామంది ఆ పూటంతా ఊరికే వెనక్కి తిరిగి చూసుకున్నారు.

లేని ఆ పక్క నుంచి ఒకటి మాత్రం అప్పుడప్పుడు ఆమె ఎదుటికి వచ్చేది. బీపీ చూడటానికి నర్సు ఆమె ఎడమ చేయి ఎత్తి ఒడిలో పెట్టగానే, వసుంధర గారు దాన్ని చూసి కళ్ళు విప్పార్చి, "గట్టిగా బిగించకమ్మా, అది పున్నమ్మ చేయి" అన్నారు.

రాఘవయ్య గారు మెల్లగా, "పున్నమ్మ పోయి చాన్నాళ్ళయింది కదా వసుంధరా" అన్నారు.

"పోయిందని నాకు తెలియదాండీ? నేనే వెళ్ళి చూసొచ్చాను. అయినా వచ్చింది. పాపం, అంచు పట్టుకోవటానికి వచ్చింది."

"మరి తేలు పచ్చబొట్టు ఏది?"

ఆమె ఆ మణికట్టును కుడి చేతి బొటనవేలితో రుద్ది చూసి, ఏమీ తడబడకుండా, "ముసలిదైపోయింది కదా, చెరిగిపోయింది" అన్నారు. ఆ గొంతులో జ్వరపు పలవరింత లేదు, కోపం లేదు. మాతో పటాల గురించి మాట్లాడే గొంతే అది. రాఘవయ్య గారికి భయం వేసింది అప్పుడే.

ఇంటికి వచ్చాక కంచంలో కుడి సగం తిని, "కూర వండలేదేంటి?" అని అడగటం, కుడి సగం జడ దువ్వుకుని అద్దం ముందునుంచి లేచిపోవటం ఇంటిల్లిపాదికీ అలవాటైంది. కానీ ఒక ఉదయం పెరటి మెట్టు మీద ఆమె చేసిన పని చూసి రాఘవయ్య గారు నిలువునా నీరైపోయారు. ఆమె సబ్బు నురుగు రాసి, ఎడమ చేతి గాజులు ఒక్కొక్కటే జాగ్రత్తగా తీసి, ఆ చేయిని పసిబిడ్డను తుడిచినట్టు తుడుస్తున్నారు.

"ఏంటి వసుంధరా ఈ పని?"

"ఎవరు వేశారండీ పున్నమ్మకు గాజులు? మొగుడు పోయిన మనిషి. నలుగురూ చూస్తే దానికి ఎంత సిగ్గు!"

ఒక చేతికి నిండా గాజులు, ఒక చేయి బోడి. భర్త ఎదుటే నిలబడి ఉన్నారు, ఆమె కుడి చేతికి ఆ సంగతి తెలుసు, ఎడమ చేతికి తెలియదు. "సగం ప్రాణంతో ఉన్నట్టు లెక్కండీ నేను" అని ఆయన మాతో నవ్వుతూనే అన్నారు. విన్నవారికి మాత్రం నవ్వు రాలేదు. పసుపు ధర పాతాళానికి పోయినప్పుడు కూడా చెక్కుచెదరని మనిషి ఆయన. ఆ గాజులు జేబులో వేసుకుని తిరిగారు.

డాక్టరు గారు చెప్పిన వైద్యం వినటానికి తేలిక, చేయటానికి కాదు. ఇంట్లోవారు ఎప్పుడూ ఎడమ వైపు నుంచే పలకరించాలి. ఆమె వెతుక్కోవాలి, తల తిప్పాలి, కనుక్కోవాలి. కుడి పక్కకు వెళ్ళి సుఖపెడితే ఎడమ పక్క ఎప్పటికీ రాదు. ఆ నాటి నుంచి రాఘవయ్య గారు కుడి వైపుకు వెళ్ళటం మానేశారు. తాను లేనట్టే లెక్కయిన చోట నిలబడి, "వసుంధరా, ఇటు" అని పిలిచేవారు. ఆమె గోడకేసి బదులు చెప్పేవారు. ఆయన మళ్ళీ పిలిచేవారు. కొన్నిసార్లు ఆమె ఏడ్చేవారు, "ఎక్కడ దాక్కున్నారండీ, నాతో ఆటలా?" అని. ఆయన అక్కడే నిలబడేవారు. కట్టుకున్న భార్యకు కనబడని మనిషిగా నెలల తరబడి ఆమె పక్కనే బతకటానికి ఎంత గుండె ధైర్యం కావాలో చెప్పటానికి మాకు మాటలు చాలవు.

శరదృతువు వచ్చేసరికి నడక కుదుటపడింది, కంచం ఖాళీ అవుతోంది, పిలిస్తే మూడోసారికో నాలుగోసారికో తల తిరుగుతోంది. సెలవు ముగించి ఆమె కార్యాలయానికి వచ్చారు. మా అధికారి శ్రీ భరద్వాజ గారు సహృదయులు. అయినా, ఈమె పని చేయగలరా, లేక అనారోగ్య కారణంగా ముందే ఇంటికి పంపాలా అన్నది ఆయన తేల్చి పైకి రాయవలసి ఉంది. కంగారు పెట్టని పని చూసి అప్పగించారు. భట్టిప్రోలు అవతల ఒక చిన్న గ్రామం పాత పటం మడతల దగ్గర చిరిగిపోయింది. దాన్ని పాత పద్ధతిలో చేత్తో మళ్ళీ గీయాలి.

బల్ల దగ్గర కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి వస్తువు కలం కాదు. "ఇటు పక్కకి ఒక స్టూలు వేయించండి" అన్నారు, ఎడమ వైపు చూడకుండానే చేయి చూపి.

"ఎవరికి మేడమ్?" అంది హెలెన్, ఆమె పక్క బల్ల దగ్గర కంప్యూటరు మీద పటాలు గీసే అమ్మాయి.

"కూర్చునే మనిషికి."

స్టూలు వేశారు. దాని మీద ఎవరూ కూర్చోలేదు. కాగితాలు కూడా పెట్టలేదు. "ఇలాంటివి మేం నమ్మం" అని అందరికన్నా గట్టిగా అన్నవారు అందరికన్నా ముందు తమ బల్ల అవతలి వరండా వైపుకు జరిపించుకున్నారు. ఎవరో బల్ల కింద నిమ్మకాయ పెట్టారు. ఎవరు పెట్టారని అడిగితే, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ముగ్గురు నలుగురు ఒకేసారి "నేను కాదండీ" అన్నారు. హెలెన్ మాత్రం తన చోటు మారలేదు. మనసులో ప్రార్థన చేసుకుంటూ అక్కడే కూర్చున్నానని తరువాత చెప్పింది. ఆమె చూసినది కూడా తరువాతే చెప్పింది. గ్లాసు పట్టుకోలేని, జాకెట్టు హుక్కు పెట్టలేని ఆ ఎడమ చేయి, ఫ్యాను గాలికి షీటు అంచు లేచినప్పుడల్లా, బల్ల మీద మెల్లగా పాకుతూ వెళ్ళి, అరచేయి పరిచి, అంచును అదిమిపట్టేది. వసుంధర గారు అటు చూసేవారు కాదు. "ఆఁ, అలాగే. వదలకు" అనేవారు, ఎంతో తృప్తిగా.

పటం పూర్తయిందని ఒక మధ్యాహ్నం ఆవిడ కబురు పెట్టారు. హెలెన్ వెళ్ళి చూసింది. షీటుకు కుడి సగంలో ఊరు ఉంది. ఒక్క గీత వణకలేదు, ఒక్క అక్షరం వంకర పోలేదు, అంత అందమైన పటం ఈ కార్యాలయంలో ఈ మధ్య ఎవరూ గీయలేదు. నడిమధ్యకు వచ్చేసరికి ఊరు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. పడమర నుంచి రావలసిన కాలువ ఎక్కడినుంచీ రాకుండానే మొదలై పారుతోంది. సగం వీధి ఉంది, సగం చెరువు ఉంది. మిగతా సగం షీటు మచ్చలేని తెలుపు. ఆ తెలుపు మీద ఆ చేయి కదలకుండా ఉంది.

"బాగుందా?" అన్నారు వసుంధర గారు. సంతకానికి కలం తీసుకున్నారు.

హెలెన్‌కు ఏడుపొచ్చింది. సగమే గీశారని చెబితే అర్థం కాదని తెలుసు. చూపిస్తే కనబడదనీ తెలుసు. ఏం తోచిందో, "ఒక్కసారి మేడమ్" అని, చిరిగిన పాత పటాన్ని బల్ల మీద తలకిందులుగా తిప్పింది. దక్షిణం పైకి వెళ్ళింది, పడమర కుడికి వచ్చింది.

వసుంధర గారు వంగి చూశారు. చాలాసేపు చూశారు. "ఈ ఊరు ఎక్కడిదమ్మా?" అన్నారు.

"అదే ఊరు మేడమ్."

"కాదు. నేను గీసిన ఊళ్ళో ఈ వీధి లేదు. ఈ పొలాలు లేవు." మళ్ళీ తిప్పమన్నారు. తిప్పింది. వీధి పోయింది. మళ్ళీ తిప్పమన్నారు. వీధి వచ్చింది, ఈసారి తాను గీసిన తూర్పు పోయింది. ఒకే కాగితం, తిప్పిన ప్రతిసారీ ఒక ఊరు పుట్టి ఒక ఊరు మాయమవుతోంది. ఆమె ముఖం పాలిపోయింది. ఇన్నాళ్ళలో డాక్టర్లు చెప్పినా, భర్త బతిమాలినా లోపలికి ఎక్కని సంగతి అప్పుడు ఎక్కింది. కలం కింద పెట్టి, "హెలెన్, నా హద్దు మూసుకోలేదు" అన్నారు.

తరువాత ఆమె చేసినది మాలో కొందరం గుమ్మం దగ్గర నిలబడి చూశాం. ఎవరికీ లోపలికి వెళ్ళే ధైర్యం లేకపోయింది. ఆమె సిరా కలం మొన కంఠం కింద, గుంటలో పెట్టుకున్నారు. "ఇది నేనే. ఇది తెలిసిన రాయి" అన్నారు. అక్కడినుంచి కలం ఎత్తకుండా గీత లాగుతూ ఎడమకు బయలుదేరారు. మెడ వంపు దాటేసరికి గీత కళ్ళకు కనబడకుండా పోయింది. ఆమె ఆగిపోయారు. కానీ ముప్ఫై ఆరేళ్ళుగా సగంలో గీత వదలని మనిషి. గీత ఎటు పోతే తల అటు తిప్పాలి. తిప్పారు. చెమటలు కారాయి. భుజం వచ్చింది, జాకెట్టు అంచు వచ్చింది, మోచేయి వచ్చింది. "పున్నమ్మ దగ్గరికి వచ్చేశాను" అని గొణిగారు, కలం మాత్రం ఎత్తలేదు. మణికట్టు, బొటనవేలు, ఒక్కొక్క వేలు చుట్టూ, తిరిగి లోపలి వైపుగా పైకి, చంక దాకా, పమిట మీదుగా, మళ్ళీ కంఠం కింది గుంటకు. మొదలుపెట్టిన సిరా చుక్కను కలం తాకింది.

"మూసుకుంది" అన్నారు.

ఆవిడ ఆ చేతిని కుడి చేత్తో పట్టుకుని, తిప్పి, గోళ్ళు చూసుకున్నారు. పొంగిపోతారనుకున్నాం. పమిట నోటికి అడ్డం పెట్టుకుని భోరుమన్నారు. "అయితే పున్నమ్మ లేదా హెలెన్? నిజంగానే పోయిందా?" రేపల్లెలో కడసారి చూపు నాడు కూడా ఆమె ఇంతగా ఏడవలేదట. మన మనిషి ఇంటికి తిరిగొచ్చిందని గుమ్మం దగ్గర మేం కళ్ళు తుడుచుకుంటుంటే, తన మనిషి వెళ్ళిపోయిందని ఆవిడ లోపల ఏడుస్తున్నారు. హెలెన్ ఖాళీ స్టూలు మీద కూర్చుని ఆమెను పట్టుకుంది.

నల్లసిరా అంత త్వరగా వదిలేది కాదు. సాయంత్రం తీసుకువెళ్ళటానికి వచ్చిన రాఘవయ్య గారు, ఆమె చేయి చుట్టూ ఆ గీత చూశారు. జేబులోంచి గాజులు తీశారు. ఆమె చేయి చాపారు, తనంతట తానుగా.

భరద్వాజ గారు ఆమె కొనసాగవచ్చని పైకి రాశారు. ఆ పటాన్ని ఆమె తలకిందులుగా పెట్టి రెండో సగం కూడా గీసి, రెండు సగాల హద్దూ కలిసిందని హెలెన్ చేత చూపించుకుని అప్పుడు సంతకం పెట్టారు. నాటి నుంచి ప్రతి పటాన్నీ ఒకసారి తిప్పి చూడటం ఆవిడ పద్ధతి. ఆవిడను చూసి మా అందరి పద్ధతీ అదే అయింది. ఏ జబ్బూ లేని మా కళ్ళు కూడా ఎన్ని వదిలేస్తున్నాయో అలా తిప్పినప్పుడు గాని తెలియలేదు. కొత్తగా చేరిన వారికి మేం నేర్పే మొదటి పాఠం ఇదే. ఎవరు మొదలుపెట్టారని అడిగితే ఆవిడ పేరే చెబుతాం.

అంతా నయమైందని రాస్తే అబద్ధమవుతుంది, ఆవిడ ఒప్పుకోరు. అలసిపోయినప్పుడు ఎడమ పక్క ఇప్పటికీ జారిపోతుంది. నడవలో ఎడమ నుంచి ఎదురైన వారికి నమస్కారం అందకపోతే నొచ్చుకోవద్దని మనవి. ఎప్పుడైనా ఎడమ చేయి తనంతట తాను కదిలి కాగితం అంచు పట్టుకుంటే, ఆవిడ ఆ చేయిని కాసేపు చూసి ఊరుకుంటారు. ఎవరి చేయి అని మేం అడగం.

ఈ నవంబరు నెలాఖరున వసుంధర గారు పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన సభలో ఏం కోరమంటారని అడిగితే, ఆవిడ అన్నారు: "రోజుకు ఎన్నోసార్లు ఎడమకు తిరుగుతాను. తిరిగేదాకా అక్కడ ఆయన ఉన్నారని నాకు తెలియదు. నమ్మకంతో తిరగటమే. ఇప్పటిదాకా తిరిగిన ప్రతిసారీ ఉన్నారు. నా ఆయుష్షు సంగతి వాల్వు చూసుకుంటుంది. నాకు భయమల్లా, తిరిగి చూసేసరికి..." అని ఆగిపోయారు.

కనుక ఈ శుభవేళ వసుంధర గారికి మా కృతజ్ఞతాభివందనాలు మాత్రమే సమర్పిస్తున్నాం. ఆరోగ్యాన్నీ, నిండు నూరేళ్ళ ఆయుష్షునూ మేం మనసారా కోరుతున్నది శ్రీ రాఘవయ్య గారికి. అయ్యా, మీరు చల్లగా ఉండండి, చాలాకాలం ఉండండి, అటు పక్కనే ఉండండి.